అడిగిన ప్రశ్న వెనుక అసలు ప్రశ్న

సండూరు గనుల గురించి పుస్తకం కావాలని మీరు గ్రంథాలయంలో అడిగారనుకోండి. నిజంగా మీకు కావలసింది ఏమిటి? ఇనుప ఖనిజం గురించా, దాన్ని తవ్వే పద్ధతి గురించా, గని కార్మికుల గురించా? అది ఏ కాలం నాటి సంగతి? పాఠకుడు నోటితో అడిగేది ఒకటి, మనసులో వెతికేది మరొకటి కావచ్చు. ఈ తేడాను గుర్తించి, పాఠకుడికి దారి చూపడమే గ్రంథాలయం పని అని చాటినవారు ఎస్.ఆర్. రంగనాథన్.

ఆయన 1892లో తంజావూరు జిల్లా శియాళిలో పుట్టారు. నత్తి ఉన్నా పట్టుదలతో గణిత అధ్యాపకుడయ్యారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరారు. ఆ ఉద్యోగం మొదట్లో నచ్చక, మళ్లీ పాఠాలు చెప్పుకుంటానన్నారు. ముందు లండన్ వెళ్లి గ్రంథాలయ విద్య చదివి రమ్మన్నారు పెద్దలు. అక్కడి గ్రంథాలయాలు చూశాక ఆయన మనసు మారింది. ఒక దుకాణంలో ముక్కలు బిగించి రకరకాల వస్తువులు తయారుచేసే ఆటబొమ్మను చూశారు. ఏ విషయాన్నైనా అలాగే వస్తువు, పని, చోటు, కాలం వంటి భాగాలుగా విడదీసి కలపవచ్చని ఆయనకు తోచింది. 1933లో వచ్చిన కోలన్ వర్గీకరణకు బీజం అదే.

మద్రాసుకు తిరిగి వచ్చాక అరలను పాఠకులకు తెరిచారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించారు. పుస్తకాలున్నది చదవడానికేననీ, ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలనీ, పాఠకుడి సమయం వృథా కాకూడదనీ, గ్రంథాలయం పెరుగుతూ ఉండాలనీ వాటి సారాంశం.

1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం ఆయన కృషితో వచ్చింది. అప్పుడు బళ్లారి జిల్లా మద్రాసు కిందే ఉండేది. 1949లో సండూరు సంస్థానమూ అందులో కలిసింది. 1953లో ఈ ప్రాంతం మైసూరు రాష్ట్రంలో చేరింది. 1965లో మైసూరు రాష్ట్రం కూడా గ్రంథాలయ చట్టం చేసుకుంది. రంగనాథన్ చివరి ఏళ్లు బెంగళూరులోనే గడిపారు. అక్కడ 1962లో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. 1972లో కన్నుమూశారు.

ప్రతి పాఠకుడికీ అన్న సూత్రంలో తెలుగు చదివే విద్యార్థి కూడా ఉన్నాడు. అడిగేవారు కొద్దిమందే అయినా వారూ పాఠకులే. కాబట్టి గ్రంథాలయంలో తెలుగు పుస్తకం కనబడకపోతే ఊరకే వెనుదిరగకండి. మీకేం కావాలో, ఎందుకు కావాలో వివరంగా చెప్పి అడగండి.