రాణి మంగమ్మ – ఆపత్కాలంలో వెలిగిన ధర్మదీపం

పళని కొండకు పాదయాత్రగా వచ్చే భక్తులకు దారిలో చెట్టు నీడ, గుక్కెడు మంచినీరు, రాత్రి తలదాచుకోవడానికి సత్రం ఎంత అవసరమో మన ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. మధుర సీమలో బాటలు, సత్రాల మాట రాగానే పెద్దల నోట వెలువడే పేరు రాణి మంగమ్మ. తమిళ సోదరులు ఆమెను మంగమ్మాళ్ అని ఆదరంతో తలచుకొంటారు. మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభవేళ ఆ తెలుగు తల్లి చరిత్రను స్మరించుకోవడం సముచితం.

మంగమ్మ తుపాకుల లింగమ నాయకుని కుమార్తె. మధుర నాయకరాజైన చొక్కనాథ నాయకుని భార్య. తిరుచిరాపల్లి రాజధానిగా పాలించిన చొక్కనాథుడు 1682లో మరణించాడు. సహగమనాన్ని గొప్ప పుణ్యంగా ఎంచే రోజులవి. అయినా చిన్నవాడైన కుమారునికి అండగా నిలవడమే తన ధర్మమని ఆమె నిశ్చయించుకొంది. ఆ కుమారుడు రంగకృష్ణ ముత్తువీరప్ప నాయకుడు ఏడేళ్లు పాలించి, 1689లో మశూచి సోకి కన్నుమూశాడు. అప్పటికి గర్భవతిగా ఉన్న కోడలు మగబిడ్డను కని, కొద్దికాలానికే భర్తను అనుసరించింది. భర్త, కొడుకు, కోడలు వరుసగా దూరమైన ఆ ఇంట మిగిలినది ఒక పసికందు. ఆ బిడ్డడు విజయరంగ చొక్కనాథునికి పట్టం కట్టి, మంగమ్మ రాజ్యభారాన్ని తన భుజాలపై వేసుకొంది.

ఆ కాలం మామూలు కాలం కాదు. ఔరంగజేబు 1686లో బిజాపూరును, 1687లో గోల్కొండను జయించి, తన సేనలను దక్షిణానికి నడిపాడు. చెంజి కోట చుట్టూ మొగలులకు, మరాఠాలకు ఏళ్ల తరబడి పోరు సాగింది. పడమట మైసూరు చిక్కదేవరాయలు, తూర్పున తంజావూరు మరాఠాలు, దక్షిణాన తిరువాన్కూరు, రామనాథపురం సేతుపతులు. రేపు ఏమి జరుగుతుందో ఎవరికీ తెలియని స్థితి.

అటువంటి వేళ మంగమ్మ పౌరుషం కన్న ప్రజాక్షేమాన్నే మిన్నగా భావించింది. మొగలు సేనాని జుల్ఫికర్ ఖానుకు కప్పం చెల్లించి, రైతుల పొలాలు గుర్రపు డెక్కల కింద నలగకుండా కాపాడింది. యుద్ధం తప్పనిసరి అయినచోట వెనుదీయలేదు. దళవాయి నరసప్పయ్య నాయకత్వంలో తిరువాన్కూరు పైకి, తంజావూరు పైకి సేనలు పంపి విజయం సాధించింది. మైసూరువారు కావేరికి అడ్డుకట్ట వేసి దిగువ సీమలకు నీరందకుండా చేసినప్పుడు, నిన్నటి శత్రువైన తంజావూరుతోనే చేయి కలిపింది. సేనలు కదలకముందే భారీ వర్షాలకు ఆ కట్ట తెగిపోయింది. రైతు కష్టం ముందు పాత పగలను పక్కన పెట్టగలగడమే ఆమె గొప్పతనం.

ఆమె కట్టించిన సత్రాలు, వేయించిన బాటలు, నాటించిన నీడచెట్లు నేటికీ జనుల నోట నిలిచి ఉన్నాయి. దక్షిణ జిల్లాలలో కొన్ని బాటలను ఇప్పటికీ మంగమ్మాళ్ శాలై అనే పిలుస్తారు. మధుర రైల్వే స్టేషన్ ఎదుట ఉన్న మంగమ్మ సత్రం మనలో చాలామందికి పరిచితమే. తిరుచిరాపల్లి వద్ద ఉయ్యకొండాన్ కాలువను ఆమె బాగు చేయించింది. ఒకనాడు పరధ్యానంలో ఎడమచేత తాంబూలం వేసుకొన్నందుకు ప్రాయశ్చిత్తంగా ఇన్ని ధర్మాలు చేసిందని జనశ్రుతి. కథ ఎలా పుట్టినా, చిన్న లోపానికి కూడా పరసేవతోనే పరిహారం వెదకిన మనిషిగా ప్రజలు ఆమెను గుర్తుంచుకొన్నారు.

మీనాక్షీదేవికి పరమభక్తురాలైనా, ఆమె పరమతాన్ని ద్వేషించలేదు. తిరుచిరాపల్లి దర్గాకు భూములిచ్చింది. సేతుపతి చెరలో ఉన్న క్రైస్తవ మతగురువు మెల్లోను విడిపించింది.

ఆమె పాలన 1706 ప్రాంతంలో ముగిసింది. అధికారం కోసం తొందరపడినవారు ఆమెను చెరలో ఉంచి, అన్నం కనబడేటట్లు పెట్టి అందకుండా చేశారని ఒక విషాదగాథ ప్రచారంలో ఉంది. చరిత్రకారులందరూ దీనిని అంగీకరించరు. వేలమందికి అన్నం పెట్టిన తల్లికి అటువంటి అంతం వచ్చిందన్న తలపునే జనం భరించలేక, తరతరాలుగా చెప్పుకొంటూ వచ్చారు. ఆమె పెంచిన మనుమడు 1732 వరకు పాలించాడు. అతడు స్వయంగా తెలుగు వచనంలో శ్రీరంగమాహాత్మ్యాన్ని రచించాడు. అతని ఆస్థానంలోనే సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు జైమినీభారతాన్ని వచనంగా వ్రాశాడు. ఆనాడు ఆ పసికందును కాపాడినందువల్ల మన తెలుగు వచనానికి కలిగిన మేలు ఇది. ఉయ్యాల ఊపుతున్న అవ్వకు ఈ ఫలం తెలిసే అవకాశం లేదు.

భగవంతుడు మన నుండి ఏమి కోరుతున్నాడని కష్టకాలంలో అందరమూ అడుగుతాము. మంగమ్మకు ఆకాశవాణి ఏదీ వినిపించలేదు. ఎదుట ఏడుస్తున్న బిడ్డ, ఎండిన కాలువ, ఎండలో నడిచే బాటసారి కనిపించారు. ఆ పనులనే ఆమె దైవాజ్ఞగా స్వీకరించింది. తమిళనాట తెలుగు బడిలో బిడ్డలను చేర్చడానికి తల్లిదండ్రులు సంశయిస్తున్న ఈ రోజుల్లో మనకూ భవిష్యత్తు స్పష్టంగా కనబడదు. అయినా ఉదయం గంట మ్రోగగానే తరగతిలో కూర్చునే బిడ్డ మన ఎదుట ఉన్నాడు. ఆ బిడ్డకు నాలుగు అక్షరాలు నేర్పడం, పూర్వ విద్యార్థులు తమ తరువాతివారికి చేయూతనివ్వడం మన వంతు. చెట్టు నాటినవారే నీడలో కూర్చోవాలన్న నియమం లేదు. మంగమ్మ బాటలపై నడిచిన మనకు ఆ సంగతి బాగా తెలుసు.