మాటల వేటగాడు సి.పి. బ్రౌన్

సాయంత్రం స్టడీ అవర్ అయిపోయాక, అన్నం గంట కొట్టేలోపు మా హాస్టల్‌లో ఒక ఆట నడుస్తుంది. ఒకరు బోర్డు మీద రెండో మూడో ఇంగ్లీషు అక్షరాలు రాస్తారు. ఆ అక్షరాలున్న మాటల్లో అందరికంటే పొడవైనది చెప్పినవాళ్లు గెలిచినట్టు. ఈ ఆట వల్ల మాకు కొన్ని వింతలు తెలిశాయి. ఎడ్యుకేషన్ అనే 9 అక్షరాల మాటలో ఇంగ్లీషు అచ్చులు అయిదూ ఒక్కొక్కసారి వస్తాయి. సబ్‌కాంటినెంటల్ అనే 14 అక్షరాల మాటలో అవే అయిదూ యు, ఓ, ఐ, ఇ, ఎ అని వెనక నుంచి ముందుకు వరుస తప్పకుండా వస్తాయి. అన్‌కాపీరైటబుల్ అనే మాటలో 15 అక్షరాలున్నా ఏదీ రెండోసారి రాదు.

ఇలాంటి అక్షరాల ఆట మన ప్రాంతానికి కొత్త కాదు. గోలకొండ కుతుబ్‌షాహీల కాలంలో మన నల్లగొండ ప్రాంతపు కవి మరింగంటి సింగరాచార్యులు ప, బ, మ వంటి పెదవులు తగిలే అక్షరాలు ఒక్కటీ లేకుండా దశరథరాజనందన చరిత్ర అనే కావ్యం మొత్తం రాశారు.

అయితే ఈ ఆటలో ఒక చిక్కుంది. మొదటి అక్షరం ఇస్తే డిక్షనరీ తెరిచి వెతకవచ్చు. నడుమ అక్షరం ఇస్తే అచ్చు డిక్షనరీ మనకు తోడు రాదు. ఆ మాటను ఎక్కడో విని ఉండాలి, చదివి ఉండాలి. అలా తనకు తెలియని భాషలో మాటల కోసం జీవితమంతా వెతికిన మహనీయుడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మేము తెలుగు నుంచి ఇంగ్లీషు వైపు నడుస్తున్నాం. ఆయన ఇంగ్లీషు నుంచి తెలుగు వైపు నడిచారు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని మిత్రులకు పరిచయం చేస్తున్నాం.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు, అనేక భాషలు తెలిసిన పండితులు. 1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. బ్రౌన్ అక్కడ హైలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి ఎంపికై 1817లో మద్రాసు చేరారు. అప్పటికి ఆయన వయసు 18 ఏళ్లు. అంటే మా ఇంటర్ పూర్తి చేసిన అన్నల వయసే. తెలుగులో ఒక్క అక్షరం రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర ఓనమాలు మొదలుపెట్టారు.

1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా వెళ్లాక ఆయనకు అసలు పరీక్ష ఎదురైంది. కచేరీకి వచ్చే రైతులు మాట్లాడే తెలుగు, పంతులు గారు నేర్పిన పుస్తకాల తెలుగు ఒకటి కాదు. పైగా తెలుగులో మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. వాడెక్కడున్నాడు అని ఎవరైనా అంటే కొత్తవాడికి అది ఒకే పొడవైన మాటలా వినిపిస్తుంది. మన దగ్గర వాడేడున్నడు అంటాం. దాన్ని ఉన్నదున్నట్టు ఏ నిఘంటువులో వెతికినా దొరకదు. వాడు, ఏడ, ఉన్నడు అని విడదీయడం తెలియాలి. తాటాకు గ్రంథాల్లోనైతే మాటకూ మాటకూ నడుమ ఖాళీ కూడా ఉండేది కాదు.

అప్పటి సంప్రదాయ నిఘంటువులు కూడా ఆయనకు సులువుగా ఉపయోగపడేవి కావు. అవి ఎక్కువగా పద్యాల్లో ఉండేవి. దేవతల పేర్లు ఒకచోట, మనుషుల పేర్లు మరోచోట ఉండేవి. కంఠస్థం చేసినవారికే మాట దొరికేది. 1821లో క్యాంబెల్ నిఘంటువు వచ్చినా, జనం నోట వినిపించే మాటలన్నీ పుస్తకంలోకి ఎక్కాలని బ్రౌన్ తపించారు.

కడప, మచిలీపట్నం, రాజమండ్రి ఇలా ఎక్కడ పనిచేసినా ఆయన రాతప్రతులు సేకరించారు. కడపలో బంగళా కొని పండితులను కూర్చోబెట్టి, సొంత జీతం నుంచి వారికి వేతనాలిచ్చారు. అందుకోసం అప్పులపాలయ్యారు కూడా. జూలూరి అప్పయ్య శాస్త్రి వంటి పండితులు ఒక్కో గ్రంథానికి పలు ప్రతులు ముందు పెట్టుకుని తప్పులు సరిచూసేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనుల మంచిచెడ్డలు చూసుకునేవారు. జనం నోట బతికిన వేమన పద్యాలను సేకరించి, 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించారు.

1830ల నడుమ ఉద్యోగం పోయి ఇంగ్లండు వెళ్లవలసి వచ్చింది. అక్కడా ఖాళీగా కూర్చోలేదు. లండన్‌లో కంపెనీ వారి గ్రంథాలయంలో మూలన పడి ఉన్న దక్షిణ భారత రాతప్రతులను వెలికితీసి మద్రాసుకు చేర్చే ఏర్పాటు చేశారు. 1838లో తిరిగి వచ్చి, 1840లో తెలుగు వ్యాకరణం ప్రచురించారు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1854లో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వెలువడ్డాయి.

ఈ నిఘంటువుల్లో ఆయన వెతికేవాడి కష్టం గుర్తుపెట్టుకున్నారు. మాటలను అక్షర క్రమంలో పేర్చారు. పలుకుబడినీ వదలలేదు. చెల్లిలోని చ వేరు, చలిలోని చ వేరు. జీతంలోని జ వేరు, జొన్నలోని జ వేరు. ఆ తేడా తెలిసేలా గుర్తులు పెట్టారు. కావ్యాల్లోని మాట పక్కనే కూలివాడి మాటకూ చోటిచ్చారు.

1854లోనే మిశ్రభాషా నిఘంటువు అనే మరో పుస్తకం తెచ్చారు. పారసీ, హిందుస్థానీ, ఇంగ్లీషు వంటి భాషల నుంచి తెలుగులో కలిసిపోయిన మాటల కోసమే అది. బ్రౌన్ కంపెనీ ఏలుబడిలో పనిచేశారు, మన ప్రాంతం అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేది. అయినా ఈ పుస్తకం మనకు చాలా దగ్గరది. దర్ఖాస్తు, రసీదు, హుకుం, హాజరు వంటివన్నీ ఆ కోవకు చెందిన మాటలే. రోజూ పొద్దున మా హాస్టల్‌లో వేసే హాజరు కూడా అలా వచ్చి మనదైపోయిన మాటే.

1855లో అనారోగ్యంతో దేశం విడిచిన బ్రౌన్, తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. 1903లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును సవరించి మళ్లీ అచ్చు వేశారు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలిసింది. ఈనాడు ఆ నిఘంటువు ఇంటర్నెట్‌లో కూడా ఉంది. అప్పట్లో పేజీలన్నీ తిరగేస్తేగాని దొరకని మాట ఇప్పుడు క్షణంలో కళ్లముందుకు వస్తుంది.

మిత్రులారా! పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల నుంచి వచ్చిన మాలో చాలామందికి ఒక దిగులుంది. ఇంగ్లీషు రాదంటారు, మాట్లాడే తెలుగేమో పుస్తకాల తెలుగు కాదంటారు. రెండు దిక్కులా వెనకబడ్డామనిపిస్తుంది. బ్రౌన్ జీవితం చదివాక ఆ దిగులు కొంత తగ్గింది. పరాయి భాష ఎవరికైనా మొదట గోడలాగే నిలబడుతుంది. విడదీస్తే దారిస్తుంది. అన్‌కాపీరైటబుల్ అనే మాట చూసి భయపడనక్కరలేదు. అన్, కాపీ, రైట్, ఏబుల్ అనే నాలుగు ముక్కలే అందులో ఉన్నాయి. వాడేడున్నడులో మూడు ముక్కలున్నట్టే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. సముద్రం దాటి వచ్చిన మనిషి మన రైతుల మాటలను అప్పు చేసి మరీ పోగుచేసినప్పుడు, ఆ మాటలు పలకడానికి మనం సిగ్గుపడటం న్యాయం కాదు. నోట్‌బుక్‌లో కొత్త ఇంగ్లీషు మాట రాసుకున్న ప్రతిసారీ దాని పక్కన మన అవ్వ, తాత వాడే మాట ఒకటి రాసుకుందాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్లను అడిగి తెలుసుకుందాం. ఏడాది తిరిగేసరికి మన చేతిలో రెండు భాషల చిన్న నిఘంటువు ఉంటుంది. బ్రౌన్ గారికి మనం ఇవ్వగలిగిన నివాళి అదే.