మూడోసారికి పాసైన భీమవరం కుర్రాడు

ఇంటర్వ్యూ బాగా చేశాం అనుకున్నాక ‘సారీ’ అని మెయిల్ వస్తే ఆ పూట అన్నం సహించదు. ఇంజినీరింగ్ అయ్యాక నాకూ అలాంటివి చాలానే వచ్చాయి. అలా వచ్చినప్పుడల్లా నేను గుర్తు చేసుకునే మనిషి యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. టాపర్ ఏమీ కాదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారికి గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ కోటు వేసుకుంటే సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. మద్రాస్ మెడికల్ సర్వీస్‌కి ప్రయత్నిస్తే ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పని దొరికితే చేరిపోయారు.

ఇంట్లో తగిలిన దెబ్బ ఇంకా పెద్దది. తిన్నది ఒంటపట్టనివ్వని ‘స్ప్రూ’ అనే పేగు జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. అదే జబ్బు ఆయనకూ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. ఆ జబ్బుకు మందెందుకు లేదన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

తర్వాత బోస్టన్ చేరారు. డాక్టర్ చదివిన మనిషి, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఇప్పటికీ దాన్ని నేర్పిస్తారు. మన కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కండరాల్లో గుర్తించి 1929లో ప్రకటించారు. అయినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసింది. స్ప్రూ చికిత్సలో పనికొచ్చే విటమిన్ అది! ఇంట్లో ఇద్దర్ని పోగొట్టుకున్న మనిషి ఆ జబ్బుకు జవాబు వెతికి పట్టుకున్నారన్నమాట. మన ఊళ్లలో బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్రలు, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన నడిపించిన పరిశోధనల ఫలితాలే.

దీనికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. 1948లో 53 ఏళ్లకే అమెరికాలో కన్నుమూశారు. మళ్లీ ఇండియాకు రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు.

కష్టం దానంతటదే ఎవర్నీ రాటుదేల్చదు, కొందర్ని కుంగదీస్తుంది కూడా. సుబ్బారావుని నిలబెట్టింది రెండే అలవాట్లు. అడిగింది దొరక్కపోతే దొరికిన పనిలో దిగడం, తనని ఏడిపించిన ప్రశ్నని మాత్రం వదలకపోవడం. రేపు మీకూ ‘సారీ’ మెయిల్ రావచ్చు. కాసేపు బాధపడండి, తప్పులేదు. ఎక్కడ తడబడ్డారో ఒక కాగితం మీద రాసుకుని, ఆ ఒక్క టాపిక్‌తో మళ్లీ మొదలుపెట్టండి.