జమాదార్ ఉమర్ బిన్ అవద్: హైదరాబాద్ కొలువు నుంచి హద్రమౌత్ గద్దె దాకా

లక్డీకాపూల్ నుంచి మాసాబ్ ట్యాంక్ వైపు పోతుంటే ఏసీ గార్డ్స్ తగులుతుంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో ఉన్న హబ్షీ గుర్రపు దళం ఒకప్పుడు అక్కడ ఉండేది. దళం పోయింది, పేరు మాత్రం బస్తీకి మిగిలింది. చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బార్కస్ కథ కూడా అంతే. బ్యారక్స్ అనే మాట జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. ఆ బ్యారక్స్‌లో ఉన్నది అరబ్బు సిపాయిలు. వాళ్లలో ఎక్కువమంది వచ్చింది మక్కా, మదీనాల నుంచి కాదు. ఇప్పటి యెమెన్‌లోని హద్రమౌత్ అనే కరువు లోయ నుంచి. అక్కడి నుంచి వచ్చినవాళ్లలో అందరికంటే ఎత్తుకు ఎదిగినవాడు జమాదార్ ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ.

అరబ్బుల పేర్లు చదవడం తెలిస్తే సగం చరిత్ర అక్కడే దొరుకుతుంది. బిన్ తర్వాత వచ్చేది తండ్రి పేరు, చివర వచ్చేది వంశం లేదా తెగ పేరు. ఉమర్ కుటుంబం కుఐతీలు, తెగ యాఫయీ. యాఫయీల అసలు ఊళ్లు హద్రమౌత్‌కు పడమరన ఉన్న కొండల్లో ఉన్నాయి. హద్రమౌత్‌ను ఏలిన కథీరీ సుల్తానులే వాళ్లను కూలి సిపాయిలుగా తెచ్చుకున్నారు. తర్వాత తర్వాత ఆ సిపాయిలే కోటల్లో కూర్చుని సుల్తానులను లెక్కచేయడం మానేశారు. ఉమర్ పుట్టేనాటికే రెండు తెగల మధ్య పాత పగ ఉంది. ఆయన సొంత ప్రాంతం షిబామ్ పరిసరాలు. మట్టి ఇటుకలతో ఐదారు అంతస్తుల మేడలు కట్టిన ఊరు అది. 1982లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఉమర్ సముద్రం దాటి ఇండియా వచ్చారు. అప్పట్లో ఇక్కడి రాజులకు అరబ్బు సిపాయి అంటే గురి. మరాఠా దర్బారుల్లో కూడా వాళ్లే ఉండేవాళ్లు. 1817-18 యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్లు మరాఠా రాజ్యాలను విరగ్గొట్టాక అక్కడి అరబ్బులకు కొలువులు పోయాయి. వాళ్లలో చాలామంది నిజాం రాజ్యానికే చేరుకున్నారు. పెద్ద సంస్థానం, ఖాళీ ఖజానా, ఒకళ్లనొకళ్లు నమ్మని అమీర్లు. అలాంటి చోట తుపాకీ పట్టే మనిషికి పని దొరక్కపోవడం ఉండదు.

జమాదార్ అంటే ఈనాటి చిన్న ఉద్యోగం అనుకోవద్దు. ఇంతమంది సిపాయిలను నిలబెడతానని సర్కారుతో ఒప్పుకున్న మనిషి జమాదార్. జీతాల మొత్తం ఆయన చేతికే వస్తుంది, పంచేది ఆయనే. సిపాయికి నిజాం ముఖం తెలియదు, జమాదార్ ముఖమే తెలుసు. మరి సిపాయిలు ఎక్కడి నుంచి రావాలి? ఊరి నుంచే. షిహర్, ముకల్లా రేవుల్లో ఓడ ఎక్కిన కుర్రాడు హైదరాబాద్ చేరగానే తన తెగ జమాదార్ ఇల్లు వెతుక్కునేవాడు. యాఫయీ అయితే ఉమర్ దగ్గరికి, కథీరీ అయితే గాలిబ్ బిన్ ముహ్సిన్ దగ్గరికి, ఔలఖీ అయితే అబ్దుల్లా బిన్ అలీ దగ్గరికి. అన్నం, పడక, తుపాకీ, జామీను అన్నీ అక్కడే. పరాయి దేశంలో ఎవరు ఎవరి కొడుకో తెలిసిన చోటు అదొక్కటే మరి. తప్పు చేసి పారిపోతే ఇక్కడ దొరక్కపోయినా అక్కడ ఊళ్లో వాడి అన్నదమ్ములు దొరుకుతారు. ఇంతకంటే గట్టి పూచీకత్తు ఏ సాహుకారు రాయించుకోగలడు?

అసలు డబ్బు మాత్రం జీతాల్లో లేదు, అప్పుల్లో ఉంది. సర్కారు జీతాలు నెలలకు నెలలు ఆగిపోయేవి. అమీర్లకు పెళ్లిళ్లకు, పండుగలకు రొక్కం కావాలి. అరబ్బు జమాదార్లు అప్పు ఇచ్చారు. తీరేదాకా తాలూకాల శిస్తు తామే వసూలు చేసుకున్నారు. బాకీదారు మొండికేస్తే ఇంటి ముందు సిపాయిలు కూర్చునేవాళ్లు, ఒక్కోసారి మనిషిని తీసుకెళ్లి తమ దగ్గరే బంధించేవాళ్లు. సొంత ఫౌజు, సొంత వసూళ్లు, సొంత ఖైదు. నగరం జనం వాళ్లను చూసి జంకారంటే వింత లేదు. రైతు పరిస్థితి ఇంకా కష్టం. శిస్తు కట్టించుకునేది ఎవరో, ఎవరి అప్పుకు కడుతున్నాడో అతనికి తెలిసేది కాదు.

1853లో దివాన్ అయిన సాలార్ జంగ్ దీన్ని ఒక దారికి తేవడానికి పూనుకున్నారు. అప్పులు లెక్కగట్టి, తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నారు. అరబ్బుల తగాదాలు వినడానికి విడిగా కచేరీ పెట్టించారు. అయినా వాళ్లను పూర్తిగా దూరం చేసుకోలేదు. 1857లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడికి దిగినప్పుడు అరబ్బు జమాదార్లు సర్కారు పక్షానే నిలబడ్డారు. ఆ దాడిని స్వాతంత్ర్య పోరాటంగా గుర్తుచేసుకునే ఊళ్లో ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండొచ్చు, కానీ జరిగింది అదే.

ఇక్కడ సంపాదించిన సొమ్ముతో ఉమర్ చేసిన పని చూడాలి. మామూలు వలసదారు ఊళ్లో ఇల్లు కడతాడు, పొలం కొంటాడు. ఉమర్ ఏకంగా ఊరే కొనడం మొదలుపెట్టారు. షిబామ్‌లో మొదట సగం వాటా సంపాదించారు. 1858లో ఊరంతా కుఐతీల చేతికి వచ్చింది. గాలిబ్ బిన్ ముహ్సిన్ ఊరికే ఉంటారా? ఆయన కూడా హైదరాబాద్ రూపాయిలతోనే తరీమ్, సెయూన్ వైపు కథీరీ గద్దెను మళ్లీ నిలబెట్టారు. ఔలఖీ జమాదార్ కథీరీలతో చేయి కలిపారు. ముగ్గురూ ఒకే నిజాం ఉప్పు తిన్నవాళ్లే. ఇక్కడ ఒకే దర్బారుకు సలాం కొట్టి, అక్కడ ఒకళ్ల మీద ఒకళ్లు ఫిరంగులు పేల్చుకున్నారు.

1865లో ఉమర్ హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. వీలునామాలో ఆస్తిలో మూడో వంతు హద్రమౌత్ కోసం పక్కన పెట్టారు. షరియత్ ప్రకారం వారసులకు పోను వసియత్‌గా రాయగలిగేది కూడా మూడో వంతే. అంటే తన చేతిలో ఉన్నదంతా ఆయన ఆ లోయ మీదే పెట్టారన్న మాట.

కొడుకులు పని పంచుకున్నారు. అబ్దుల్లా అక్కడ యుద్ధం నడిపారు. అవద్, సాలెహ్ ఇక్కడ జమాదారీ చూసుకుంటూ డబ్బు, మనుషులను పంపారు. నిజాం దర్బారులో అవద్‌కు సుల్తాన్ నవాజ్ జంగ్, సాలెహ్‌కు బరక్ జంగ్ అన్న ఖితాబులు దక్కాయి. 1866లో షిహర్ రేవు గాలిబ్ బిన్ ముహ్సిన్ పట్టుకుంటే, మరుసటి ఏడే కుఐతీలు లాక్కున్నారు. ముకల్లాను మాత్రం తండ్రి నేర్పిన విద్యతోనే గెలిచారు. అక్కడి నకీబ్‌కు యుద్ధ ఖర్చులకు అప్పు ఇచ్చారు. ఆయన పోయాక కొడుకును బాకీ అడిగారు. తీర్చలేకపోతే సగం ఊరు రాయమన్నారు. ఏళ్ల తరబడి గొడవ నడిచి 1881లో ఆ నకీబ్ జాంజిబార్‌కు వలసపోయాడు. తెలంగాణ తాలూకాల్లో నడిచిన తాకట్టు లెక్కే అరేబియా తీరంలో కూడా పనిచేసింది.

1888లో కుఐతీలు బ్రిటిష్ రక్షణ కిందికి వెళ్లారు. 1902లో జమాదార్ అనే పిలుపు పోయి సుల్తాన్ వచ్చింది. ఇంత దూరం తెచ్చిన రక్తబంధమే అప్పుడు బెడిసింది. అబ్దుల్లా కొడుకులు తమ తండ్రి వాటా అడిగారు, బాబాయి అవద్ ఒప్పుకోలేదు. చివరికి ఆ అన్నదమ్ములే దేశం వదలాల్సి వచ్చింది. 1909లో అవద్ కూడా పోయారు.

తర్వాతి సుల్తానులకు ముకల్లా ఎంతో హైదరాబాద్ కూడా అంతే. ఆ వంశంలో 1922 నుంచి 1936 దాకా ఏలిన సుల్తాన్ పేరు కూడా ఉమర్ బిన్ అవద్, ఈ జమాదార్‌కు మనవడు. పేర్లు చూసి చాలామంది పొరబడతారు. ఆయన తర్వాత వచ్చిన సాలెహ్ బిన్ గాలిబ్, అంటే సైఫ్ నవాజ్ జంగ్, ఇక్కడి దావత్‌లలో హరీస్ వడ్డించి హలీమ్‌కు పేరు తెచ్చారని నగరంలో చెప్పుకుంటారు. 1948 పోలీస్ చర్య తర్వాత ఎంతోమంది అరబ్బులను నిర్బంధించి ఓడల్లో ఏడెన్‌కు పంపేశారు. 1967లో కుఐతీ సల్తనత్ కూడా ముగిసింది. యాఫయీ, కథీరీ, ఔలఖీ పేర్లు మాత్రం హైదరాబాద్‌లో ఇంకా ఉన్నాయి. బార్కస్‌లో ఈ వంశాలవాళ్లు ఇప్పుడు ఒకే మసీదులో నమాజు చేస్తారు, ఒకరింటి పిల్లను ఒకరు చేసుకుంటారు.