మునిగిపోయిన లోయకు సాక్షి – ఎలియట్ పోర్టర్

పెద్ద చదువు చదివి, పెద్ద విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తున్న మనిషి ముప్పై ఏడో ఏట దాన్ని వదిలేసి పక్షుల వెంట తిరుగుతానంటే మన ఇళ్లలో ఏమంటారో మనకు తెలుసు. అమెరికాకు చెందిన ఎలియట్ పోర్టర్ సరిగ్గా ఆ పనే చేశారు. ఆయన జీవితం నుంచి నేర్చుకోవలసింది ఉందని మేము నమ్ముతున్నాం.

పోర్టర్ 1901 డిసెంబర్ 6న షికాగో సమీపంలోని విన్నెట్కాలో జన్మించారు. మనలా లేమిలో పుట్టినవారు కాదు. వేసవి గడపడానికి మెయిన్ రాష్ట్ర తీరంలో ఆ కుటుంబానికి సొంత దీవే ఉండేది. చిన్ననాడే చేతికొచ్చిన పెట్టె కెమెరాతో ఆయన పక్షులను ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. హార్వర్డ్‌లో 1924లో కెమికల్ ఇంజనీరింగ్, 1929లో వైద్యశాస్త్రం పూర్తి చేసి, అక్కడే జీవరసాయన శాస్త్రం బోధించారు.

ఫొటోల దారి మాత్రం సాఫీగా సాగలేదు. సుప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టిగ్లిట్జ్ మొదట ఆయన చిత్రాలను మెచ్చుకోలేదు. ఇంకా శ్రమించాలని చెప్పి పంపారు. పోర్టర్ అలాగే శ్రమించారు. 1938 డిసెంబర్ చివర న్యూయార్క్‌లోని తన గ్యాలరీలో స్టిగ్లిట్జే ఆయన చిత్రాలను ప్రదర్శించారు. ఆ మరుసటి ఏడాది పోర్టర్ ఉద్యోగం మానేశారు.

మరో ఎదురుదెబ్బ కూడా తగిలింది. నలుపు తెలుపు ఫొటోల్లో ఏ పక్షి ఏదో పోల్చుకోలేమని ఒక ప్రచురణకర్త పుస్తకం వేయడానికి ఒప్పుకోలేదు. పోర్టర్ నిరాశ పడకుండా అప్పుడప్పుడే వచ్చిన రంగుల ఫిల్ము పట్టారు. రంగుల ముద్రణ చాలా చిక్కైన పని. అయినా రసాయన శాస్త్రం చదివిన మనిషి కనుక తన డార్క్ రూములో తానే చేసుకున్నారు. చదివిన చదువు ఏదీ వృథా పోదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? గూటి ఎత్తుకు మంచె కట్టి, దానిపై కెమెరా, ఫ్లాష్ లైట్లు అమర్చి, తల్లిపక్షి వచ్చేదాకా ఓపిగ్గా కాచుకునేవారు. 1941లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ లభించింది. 1943లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన పక్షుల రంగుల చిత్రాలను ప్రదర్శించింది.

1946లో ఆయన న్యూమెక్సికో ఎడారి ప్రాంతంలో, శాంటా ఫే దగ్గర స్థిరపడ్డారు. 1960లో తొలిసారి కొలరాడో నదిపై తెప్పలో గ్లెన్ కాన్యన్‌కు వెళ్లారు. ఎడారి మధ్య నది కోసిన ఎర్రటి ఇసుకరాయి లోయ అది. ఇరుకైన పక్కలోయల్లోకి ఎండ నేరుగా దిగదు. ఎదుటి గోడ మీద పడిన వెలుగు ఇటు గోడకు తగిలి రంగులు పూస్తుంది. పోర్టర్ స్టాండు మీద పెద్ద కెమెరా నిలిపి ఆ వెలుగును పట్టుకున్నారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1956లో మొదలైన 710 అడుగుల ఆనకట్ట లేస్తూ ఉంది. ఆయన మళ్లీ మళ్లీ వెళ్లి, మిగిలిన కాలంలో తీయగలిగినన్ని ఫొటోలు తీశారు. 1963లో నీళ్లు నిలవడం మొదలైంది. ఆ ఏడాదే సియెర్రా క్లబ్ ఆయన పుస్తకాన్ని ప్రచురించింది. ఎవరికీ తెలియని చోటు అని దానికి పేరు. 1950లలో మరోచోట ఆనకట్టను ఆపించిన ఆ సంఘమే గ్లెన్ కాన్యన్ కోసం పోరాడలేదు. ఆ పుస్తకం చూశాక జనానికి పోయినదేమిటో తెలిసింది. గ్రాండ్ కాన్యన్‌లో తలపెట్టిన ఆనకట్టలు 1968 నాటికి ఆగిపోయాయి. పోర్టర్ 1965 నుంచి 1971 దాకా ఆ సంఘం డైరెక్టర్లలో ఒకరు. 1990 నవంబర్ 2న శాంటా ఫేలో కన్నుమూశారు. 2000 తర్వాతి కరువులో జలాశయం తగ్గుతూ 2023 ఆరంభానికి నాలుగో వంతు కన్నా తక్కువైంది. మునిగిన పక్కలోయలు కొన్ని మళ్లీ బయటపడ్డాయి.

కాలువ నీటితో పండిన అన్నం తింటున్న మనం ఆనకట్టలన్నీ చెడ్డవని అనలేం. అయితే ఆ పుస్తకం పేరు దగ్గర మాకొక అభ్యంతరం ఉంది. ఆ లోయ ఎవరికీ తెలియనిది కాదు. ఆ నదిని ఆనుకుని బతికే నవాహో ఆదివాసులకు తెలుసు. వారికన్నా ముందటి వారి ఇళ్ల శిథిలాలు, రాతిమీది బొమ్మలు కూడా ఆ నీళ్లలో మునిగాయి. తెలిసినవాళ్ల మాట నిర్ణయాలు చేసేవారి దాకా చేరలేదు, అంతే.

మిత్రులారా, మన ఊరి వాగు, చెరువు, వాటిమీద వాలే కొంగలు మనవాళ్లకు తెలుసు. కానీ కాగితం మీద లేవు. మన అమ్మానాన్నలకు రాయడం రాలేదు. మనకు వచ్చింది. పోర్టర్ పరాయివాడై ఆలస్యంగా వెళ్లి చేసిన పనిని మనం సొంతవాళ్లమై ముందుగానే చేయవచ్చు. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీసుకువెళ్దాం.