తోలుకు వన్నె తెచ్చిన యలవర్రు బిడ్డ

అమృతలూరు: కాడి రాపిడి, ముళ్ల గీతలు, పిడుదుల గాట్లు, జబ్బుకు పెట్టిన వాతలు... పశువు బతికినన్నాళ్లూ పడిన బాధంతా దాని తోలుపై మిగిలిపోతుంది. అటువంటి చోట రంగు సమంగా పట్టదు. ఒకప్పుడు మన తోళ్లు సగం పనితోనే మద్రాసు రేవు దాటిపోయేవి. రంగూ మెరుగూ విదేశాల్లోనే, లాభమూ అక్కడే.

ఆ తీరు మార్చేందుకు శ్రమించిన వారిలో అగ్రగణ్యులు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. 1922 సెప్టెంబరు 10న నాటి గుంటూరు, నేటి బాపట్ల జిల్లాలోని యలవర్రులో రైతు కుటుంబంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని లీహైలో డాక్టరేట్ పొందారు. తోలు పనంటే ముఖం చిట్లించే రోజుల్లో ఆ దారి పట్టడం సామాన్య విషయమేమీ కాదు.

1958 నుంచి 1971 వరకు మద్రాసులోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థకు సంచాలకులుగా ఉన్నారు. శాస్త్రజ్ఞులు లందల వద్దకు వెళ్లి పనివారితో కలిసి కూర్చోవాలన్నది ఆయన పట్టుదల. క్రోమ్ తోలుకు పీపాలో రంగు లోనికంటా ఇంకాక, చివర ఫార్మిక్ ఆమ్లం కలిపితేనే అది నిలుస్తుంది. గీతలున్న పైపొరను సన్నగా రుద్ది, కేసీన్ వంటి జిగురులో కలిపిన వర్ణకాన్ని పలుచగా పూస్తే మచ్చలు మరుగవుతాయి. పూత దట్టమైతే మాత్రం తోలు సహజత్వం పోయి, ముడతల వద్ద పగుళ్లిస్తుంది.

1971లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది సీఎస్ఐఆర్ పగ్గాలు చేపట్టి, కరీంనగర్ జిల్లా పల్లెలకు శాస్త్ర విజ్ఞానాన్ని చేర్చే పథకాన్ని నడిపించారు. 1985 జూన్ 23న ఐర్లాండ్ తీరానికి చేరువలో, బాంబు పేలుడుకు గురైన ఎయిరిండియా కనిష్క విమానంలో ప్రయాణిస్తూ అసువులు బాశారు.