సక్కరు పట్టణానికి నీరు తెచ్చిన విశ్వేశ్వరయ్యగారు

తెల్లవారకముందే చాళ్లలోని కొళాయిల చెంత బిందెలు వరుసకట్టే కామాఠీపుర వాసులకు నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వారు తప్పక తెలుసుకోదగిన జీవితం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది. ఆయన 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో జన్మించినా, పూర్వులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామం నుండి వలస వెళ్లినవారే. ఇంటిపేరే అందుకు సాక్ష్యం.

పదిహేనేళ్ల ప్రాయంలోనే పితృవియోగం కలిగింది. పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగుళూరులో పట్టభద్రులై, పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883 పరీక్షలో ప్రథములుగా నిలిచారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో ఉద్యోగం లభించింది.

సింధు రాష్ట్రం నాడు బొంబాయి రాజధానిలో భాగం. అందలి సక్కరు పట్టణపు నీటి సరఫరా పని 1893లో ఈ యువ ఇంజనీరుకు అప్పగించబడింది. అది ఆవిరి యంత్రాల కాలం. నదీజలాన్ని పంపులతో గుట్టమీది తొట్టికి ఎక్కిస్తే, అక్కడి నుండి గొట్టాల ద్వారా అది తనంతట తానే పల్లానికి ప్రవహిస్తుంది. యంత్రాలతో చిక్కు లేదు. చిక్కంతా నీటితోనే. సింధునది నీరు ఒండ్రుమయం. ఆ బురదనీటినే యథాతథంగా ఊరికి పంపితే ఇంత శ్రమకు ఫలమేమి? వడపోత తొట్టెలు నిర్మించే స్తోమత పురపాలక సంఘానికి లేదు.

విశ్వేశ్వరయ్యగారు ఆ వడపోతను నదికే అప్పగించారు. నదీగర్భంలో బావి త్రవ్వించి, ఇసుక పొరల గుండా ఊరివచ్చే తేటనీటిని అందులో చేరనిచ్చి, దానినే గుట్టమీదికి ఎక్కించే ఏర్పాటు చేశారు. ఏటి చెలమ ఎరిగిన పల్లెవాసులకు ఇందులో వింత కనిపించకపోవచ్చు. కాని ఒక పట్టణానికంతటికీ చాలేటట్లు దానిని సాధించడమే ఆయన ప్రతిభ. 1895లో పని పూర్తయింది.

తరువాత 1903లో పూనా సమీపాన ఖడక్‌వాస్లా జలాశయానికి, వరద వచ్చినప్పుడు వాటంతట అవే తెరుచుకొనే తలుపులు అమర్చారు. వృథాగా పొర్లిపోయే నీరు నిలిచింది. ఆ నూతన కల్పనపై తనకు రాదగిన ప్రతిఫలాన్ని, ప్రభుత్వోద్యోగిననే కారణంతో స్వీకరించలేదు.

1908 మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తగా, మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం ఆయనను రప్పించింది. ఎగువన జలాశయాలు నిర్మించి వరదను అరికట్టాలని ఆయన సూచించారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఆ చెరువులే నగరానికి త్రాగునీరూ ఇచ్చాయి.